పొదుపు పందెం

కారు పందేలంటే ఆడవాళ్ళకేం ఆసక్తి అని అడిగేవారికి జవాబు చెప్పి చెప్పి విసుగెత్తింది నాకు. పాటకచేరీల పిచ్చివాళ్ళుంటారు, చీరల పిచ్చివాళ్ళుంటారు. నాది ఈ పిచ్చి. ఏ దేశంలో పందెం జరిగినా టీవీ ముందు కూచుంటాను, అది అర్ధరాత్రయినా సరే. మరి 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ పక్కనే ఫార్ములా-ఇ పందెం జరుగుతుంటే ఇంట్లో కూచుంటానా? వెళ్ళాను, చూశాను. పెట్రోలుతో కాక కరెంటుతో నడిచే పందెం కార్లివి. ఆ పందెం మీద జనం చేసిన విమర్శల్లో నేను ఒప్పుకోనిది ఒకటుంది. ఎవరైనా చేస్తారేమోనని చూసి చూసి, చివరికి నేనే చెయ్యాల్సి వస్తున్నది మరొకటుంది.

ఒప్పుకోనిది ముందు చెప్తాను. “చప్పుడే లేదండీ, ఇదేం పందెం?” అన్నారు చాలామంది. చప్పుడు సంగతి నాకూ తెలుసు. 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీకి వెళ్ళినదాన్నే. (2011, 2012, 2013, జరిగిన మూడుసార్లూ వెటెలే గెలిచాడు.) ఆ ఇంజన్ల మోత చెవులతో విన్నది కాదు, గుండెల్లో పడింది. సరదాగానే ఉంది, కాదనను. కానీ పెళ్ళిలో గట్టిమేళం వాయిస్తున్నప్పుడు పురోహితుడు ఏం చదివాడో ఎవరికైనా వినిపిస్తుందా? హైదరాబాదులో గట్టిమేళం లేదు కనకే మంత్రాలు వినిపించాయి. టైర్లు రోడ్డుని రాసుకునే చప్పుడు, మోటారు సన్నగా వేసే ఈల, మలుపులో రెండు కార్లు ఒరుసుకుంటే నా పక్క సీటావిడ “అమ్మో!” అనడం, అన్నీ విన్నాను. రుచి వేరు, అంతే. కాఫీ తాగేవాళ్ళు టీలో డికాక్షన్ లేదని తప్పుపడితే ఏం చెప్తాం?

ఇక కళ్ళపడేదెంత? సెక్రటేరియట్, లుంబినీ పార్కు, ఐమాక్స్, ఇలా తిరిగి వచ్చే దారి. పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. అందులో నా సీటుకి కనిపించేది ఒక్క మలుపు. కారు నిమిషంపైచిలుక్కి ఓసారి వస్తుంది, రెండు మూడు సెకన్లలో మాయమవుతుంది. తిరుమలలో గంటల తరబడి క్యూలో నిలబడి, తీరా గర్భగుడి ముందుకొచ్చేసరికి “జరగండి, జరగండి” అనిపించుకోవడం లాంటిదే. అయినా మళ్ళీ వెళ్తాం గదా! ఆ రెండు సెకన్లలో దొరికేది టీవీలో దొరకదు. టీవీ కెమెరా కారుతోపాటు తిరుగుతుంది, అంచేత వేగం చచ్చిపోతుంది. అక్కడ కూచుంటే మెడ తిరిగేలోపే కారు వెళ్ళిపోతుంది. సిమెంటు గోడకీ చక్రానికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వదిలి వెళ్తారే, ఆ తెగింపు చూడ్డానికే నేను వెళ్తాను.

ఇప్పుడు నా అసలు విమర్శ. ఈ పందెంలో ప్రాణం వేగం కాదు, పొదుపు. వాడుకోవడానికి అందరికీ ఒకే కొలత కరెంటిస్తారు. మొదటినించీ దంచేస్తూ పోతే చివరిదాకా రాదు. ఒకటో తారీకున జీతం అందుకుని ఇరవయ్యో తారీకుకల్లా డబ్బా అడుగు గోకేవాళ్ళ కథే. కనక ఎక్కడ కాలు తీయాలో, ఎక్కడ తొక్కాలో లెక్క వేసుకుంటూ నడపాలి. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోరయినట్టన్నమాట. పందెంలో వాడే కరెంటులో నూటికి నలభై వంతులకి తగ్గకుండా ఇలా బ్రేకుల వల్లే రావాలని ఆ కార్లు తయారుచేసినవాళ్ళ లెక్క. ఇంటి ఖర్చు నడిపిన ఏ ఆడదానికైనా అరటిపండు ఒలిచిపెట్టినట్టు అర్థమయ్యే ఆట ఇది!

చివరి రౌండ్లలో ముందు ఫ్రెంచి అతను వెర్న్, వెనక న్యూజీలాండ్ అతను కాసిడీ. మా మేనల్లుడు సెల్‌ఫోన్లో అంకెలు చూసి, “అత్తయ్యా, వెర్న్ దగ్గర తక్కువుంది, కాసిడీ దగ్గర ఎక్కువుంది” అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. చేతిలో తక్కువున్నవాడు ఎక్కువున్నవాణ్ణి ప్రతి మలుపులోనూ దారి కాచి ఆపుతున్నాడు! చివరికి అర సెకను తేడా కూడా లేకుండా వెర్న్ గెలిచాడు. కానీ మా చుట్టూ ఉన్నవాళ్ళకి కనిపించిందేమిటి? ఒక కారు, దాని వెనక ఇంకో కారు. పెద్ద తెర మీది అంకెలు నా సీటు నించి చీమల బారులా ఉన్నాయి. సీతమ్మ లంకలో ఉందని ప్రేక్షకులకి చెప్పకుండా హనుమంతుడి చేత సముద్రం దాటిస్తే, అదేదో కోతి గంతనుకుంటారు గానీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారా?

కంటికి కనిపించే నాటకం ఒక్కటి జరిగింది, అది మాత్రం అందరికీ ఎక్కింది. ముందు వరసలో మొదటి స్థానం నించి బయల్దేరిన ఎవాన్స్‌ని అతని సొంత జట్టువాడే, శామ్ బర్డ్, మలుపులో గుద్దాడు. ఇద్దరూ పోయారు. తోడికోడళ్ళ తగువులో కూర మాడినట్టయింది ఆ జట్టు పని. దానికి జనం లేచి నిలబడ్డారు. మూడోవాడుగా గీత దాటిన బ్యూమీకి మాత్రం, అనుమతించిన దానికన్నా ఎక్కువ పవరు వాడాడని తర్వాత శిక్ష పడి, ఆ స్థానం ద కోస్టాకి వెళ్ళింది. ఎంతమంది బ్యూమీయే మూడోవాడనుకుంటూ ఇల్లు చేరారో!

పందెం గొప్పగా ఉంది, కథ చెప్పడమే రాలేదంటాను నేను. ఎంత మిగిలిందో తెలిసేలా కారు నెత్తిన ఓ దీపం పెడితే చాలదూ? సిలిండరు కాస్త ఎత్తి చూసి గ్యాసు ఇంకెన్నాళ్ళొస్తుందో చెప్పే జనం మనం, రెండు రౌండ్లు తిరిగేసరికి పట్టేస్తాం.

పట్టడానికి ఇంకో అవకాశం వస్తుందనుకున్నాను. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో పందెం జనవరిలోనే రద్దయింది. కచేరీకి తొలిసారి వెళ్ళినవాళ్ళకి తాళం అందదు, నాలుగు వింటే చెయ్యి దానంతటదే తొడ మీద పడుతుంది. మనవాళ్ళకి ఆ రెండోదే లేకుండా పోయింది. ఆ రోజు నా పక్క సీటావిడ, “ముందున్న అబ్బాయి ఇంకా స్పీడుగా పోడేమండీ?” అని అడుగుతూనే ఉంది. వివరంగా చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, “అయ్యో, అయితే చాలుతుందంటారా?” అంది. అప్పటికి రెండే రౌండ్లు మిగిలాయి.