మూడు వేల మంది పిల్లల వెంట ఇరవై ఏళ్లు

పసిపిల్లల పెంపకం, తొలి చదువుల గురించి మన దగ్గర అభిప్రాయాలకు కొదవ లేదు. అంగన్‌వాడీలో అన్నం తప్ప అక్షరం దొరకదని ఒకరంటారు. మూడేళ్లకే ఎల్‌కేజీలో వేస్తే పసివాడు నలిగిపోతాడని మరొకరంటారు. వీటిలో ఏది ఎంత నిజమో తేలాలంటే ఒకే పిల్లనో పిల్లవాడినో ఉయ్యాల నాటి నుంచి పెద్దయ్యేదాకా విడవకుండా చూడాలి. అంత ఓపిక పట్టిన పరిశోధన ఒకటి మన నేల మీదే జరిగింది. దాని పేరు ‘యంగ్ లైవ్స్’. బాల్యం మీద పనిచేసేవాళ్లకు ఇంతకంటే మంచి వనరు తెలుగు రాష్ట్రాల్లో మరొకటి లేదని నా నమ్మకం. అది ఇచ్చిన ఫలితాలు ఎంత విలువైనవో, దాన్ని కట్టిన పనితనం అంతకంటే విలువైనది.

ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఈ నాలుగు చోట్లా కలిపి 12,000 మంది పిల్లలు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ఈ అధ్యయనానికి బ్రిటన్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఇక్కడ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్, తిరుపతిలోని శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం చేయి కలిపాయి. మొదటి విడత 2002లో జరిగింది.

ముందుగా చెప్పుకోవలసింది ఊళ్లను ఎంచుకున్న తీరు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటినీ తీసుకుని, ఒక్కో ప్రాంతంలో ఒక వెనకబడిన జిల్లానూ కాస్త మెరుగైన జిల్లానూ పట్టుకున్నారు. శ్రీకాకుళానికి జతగా పశ్చిమ గోదావరి, అనంతపురానికి కడప, మహబూబ్‌నగర్‌కు కరీంనగర్. వీటికి హైదరాబాద్ నగరం తోడైంది. మొత్తం 20 చోట్లు. ఒక్కో చోట ఏడాది అటూ ఇటూ వయసున్న పసివాళ్లు 100 మంది, ఎనిమిదేళ్ల పిల్లలు 50 మంది. పేద ప్రాంతాలకు కావాలనే ఎక్కువ చోటిచ్చారు. కాబట్టి ఈ అంకెలు రాష్ట్రం మొత్తానికి సగటు చిత్రం కావు. ఆ సంగతిని వాళ్లు దాచలేదు. తమ కుటుంబాలను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కుటుంబాలతో పోల్చి, తేడా ఎక్కడుందో చూపిస్తూ విడిగా ఒక పత్రమే వేశారు. తన కొలబద్ద ఎంతవరకు పనికొస్తుందో తానే చెప్పే పరిశోధకుడి మీద నాకు గురి కుదురుతుంది.

రెండు వయసుల పిల్లలను ఒకేసారి తీసుకోవడం వెనక ఉన్న ఆలోచన నన్ను మరీ ఆకట్టుకుంది. 2002లో ఎనిమిదేళ్లున్న పిల్లలు ఒక గుంపు. అప్పుడు చంకలో ఉన్నవాళ్లకు 2009 నాటికి ఎనిమిదేళ్లు వచ్చాయి. అవే ఊళ్లు, అదే వయసు, మధ్యలో ఏడేళ్ల కాలం. ఆ ఏడేళ్లలో రోడ్డు పడింది, ప్రైవేటు బడి వచ్చింది, ఉపాధి హామీ పనులు మొదలయ్యాయి. ఈ మార్పుల మధ్య ఎనిమిదేళ్ల బాల్యం ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అదే పిల్లను పెరిగేకొద్దీ చూడటం ఒక లాభం, ఒకే వయసును రెండు కాలాల్లో చూడటం మరో లాభం. ఒకే ఖర్చుతో రెండూ దక్కేలా మొదటి రోజే లెక్క వేసుకున్నారు. పని మొదలయ్యాక ఇలాంటి ఏర్పాటు చేయడం ఎవరి తరమూ కాదు.

ఇక ఐదేళ్ల పిల్లకు ఏం వచ్చో తెలుసుకోవడం ఎలా? రాయలేదు, చదవలేదు, కొత్త మనిషిని చూస్తే అమ్మ కొంగు చాటుకు పోతుంది. 2006–07 విడతలో దీనికి వాడినది బొమ్మల పరీక్ష. ఒక పేజీలో నాలుగు బొమ్మలుంటాయి. పరీక్షించేవారు ఒక మాట చెబుతారు. ఆ మాటకు సరిపోయే బొమ్మ మీద పిల్ల వేలు పెడితే చాలు, నోరు విప్పనక్కర్లేదు. మాటలు పోనుపోను కష్టమవుతాయి, తప్పులు ఎక్కువైతే అక్కడితో ఆపేస్తారు. అమెరికాలో తయారైన ఈ పరీక్షను తెలుగులోకి తేవడం అనుకున్నంత తేలిక కాదు. అక్కడ అందరికీ తెలిసిన వస్తువు మహబూబ్‌నగర్ పల్లెలో ఎవరూ చూసి ఉండరు. ఒక భాషలో కష్టమైన మాట ఇంకో భాషలో రోజూ ఇంట్లో వినబడేది కావచ్చు. అందుకని వచ్చిన జవాబులను ప్రశ్న ప్రశ్నకూ విడదీసి, ఏ ప్రశ్న ఏ భాష పిల్లలకు అన్యాయం చేస్తోందో వెతికారు. వేర్వేరు భాషల పిల్లల మార్కులను నేరుగా పోల్చవద్దని వాడుకునేవాళ్లను హెచ్చరించారు. పై తరగతులకు ప్రశ్నపత్రాలు తయారుచేసే మన బోర్డులు ఈ పరిశీలన మీద వచ్చిన నివేదిక ఒక్కటి చదివినా ఎంతో మేలు.

ఆ విడతలోనే, మూడేళ్లు నిండాక పిల్లను ఎక్కడికి పంపారో తల్లులను అడిగారు. నటాలియా స్ట్రూలీ, ఉమ వెన్నం, మార్టిన్ వుడ్‌హెడ్ ఆ జవాబుల మీద 2011లో వేసిన పత్రం మన తొలి చదువుల దారులను బయటపెట్టింది. పల్లెల్లో ఎక్కువమందికి అంగన్‌వాడీ, పట్టణాల్లో కాస్త ఉన్నవాళ్లకు ప్రైవేటు ఎల్‌కేజీ. పేదింట్లో కూడా ఇంగ్లిష్ మీడియం కోసం అప్పు చేయడానికి సిద్ధపడే తల్లిదండ్రులున్నారు. ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు ఆ అవకాశం ఆడపిల్ల కంటే మగపిల్లవాడికి ఎక్కువగా దక్కింది. ఒకటో తరగతి గుమ్మం తొక్కకముందే దారులు చీలిపోతున్నాయన్నమాట.

ఇలా దాచిన సమాచారం ఎంత దూరం పోగలదో మధ్యాహ్న భోజనం మీద జరిగిన పని చూస్తే తెలుస్తుంది. 2002 ప్రాంతంలో రాష్ట్రాన్ని కరువు కమ్మేసింది. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2003 జనవరిలో ఇక్కడి ప్రభుత్వ బడుల్లో వేడి అన్నం పెట్టడం మొదలైంది. యంగ్ లైవ్స్ బృందం దగ్గర చంటిబిడ్డగా కొలిచిన పొడవూ ఉంది, ఐదేళ్లప్పుడు కొలిచిన ఎత్తూ ఉంది, ఆ ఇంటిని కరువు తాకిందో లేదో కూడా ఉంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ మూడింటినీ కలిపి చూశారు. కరువు దెబ్బకు వెనకబడిన ఎదుగుదలను బడిలో పెట్టిన అన్నం పూడ్చిందని 2014లో ప్రచురించారు. కరువు గురించి అడిగిన రోజున ఈ ప్రశ్న ఎవరి మనసులోనూ ఉండి ఉండకపోవచ్చు. ఎప్పుడు పనికొస్తుందో తెలియకపోయినా నిక్కచ్చిగా రాసి పెట్టారు, అందుకే ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు దొరికింది.

ఈ పని నిలబడింది ఇల్లిల్లూ తిరిగిన సిబ్బంది వల్లే. కూలి కోసం ఊరొదిలిన కుటుంబం ఎక్కడ దిగిందో ఇరుగుపొరుగును వాకబు చేయాలి. పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయిని అత్తవారింట్లో కలవాలి, అక్కడ ఆమెతో విడిగా మాట్లాడే వీలు తెచ్చుకోవాలి. 2013 విడతలో సైతం మొదటి పిల్లల్లో 90 శాతానికి పైగా మళ్లీ దొరికారంటే ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. 2007 నుంచి కొద్దిమంది పిల్లలతో మరింత తీరిగ్గా కూర్చున్నారు కూడా. వాళ్లచేత బొమ్మలు గీయించారు, మంచి రోజూ చెడ్డ రోజూ ఎలా ఉంటుందో చెప్పించారు. పేర్లు మార్చి అచ్చువేశారు.

యంగ్ లైవ్స్‌కు జోడుగా చదవదగిన మరో పని ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి చేసినది. 2011లో మొదలుపెట్టి అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్ల దాకా గమనించారు. తెలంగాణలో మెదక్, వరంగల్ జిల్లాలు తీసుకున్నారు. పిల్లలు అంగన్‌వాడీ నుంచి బడికి వరసగా వెళ్లరని, అటూ ఇటూ మారుతుంటారని ఆ నివేదిక చూపించింది.

యంగ్ లైవ్స్ విడతలన్నిటి సమాచారం, పేర్లూ ఆనవాళ్లూ తీసేసిన రూపంలో, బ్రిటన్ జాతీయ డేటా భాండాగారంలో ఉంది. పేరు నమోదు చేసుకుంటే చదువుకూ పరిశోధనకూ ఉచితంగా ఇస్తారు. ప్రశ్నావళులూ దొరుకుతాయి. మన విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు, విద్య, గృహ విజ్ఞానం చదివే విద్యార్థులు కొత్తగా సర్వే మొదలుపెట్టే ముందు ఆ ప్రశ్నావళులను ఒక్కసారి చూడాలి. వాళ్ల గైడ్లు ఆ డేటా మీద ఒక్క సిద్ధాంత వ్యాసమైనా రాయించాలి. సమాచారం మన పిల్లలది, దాన్ని మనమే ఎక్కువగా వాడుకోవాలి.