ధిక్కారం – దాని మూల్యం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని పూరీ గేటు పేరు వినగానే మూసిన రైలుగేటు స్ఫురిస్తుంది. గేటు పడిన తరువాత కూడా వంగి దాటిపోయేవాడు నియమాన్ని ధిక్కరించినట్లు కనిపిస్తాడు. నిజానికి అతడు నియమాన్ని కాదనడు. అది తనకొక్కడికీ వర్తించకూడదని కోరుకుంటాడు. నియమమే అన్యాయమని పదిమందిలో ప్రకటించి, ఫలితాన్ని తానే భరించేవాడి మార్గం వేరు. ఈ భేదాన్ని లోతుగా పట్టి చూపిన తెలుగు నవల ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’.

పూరీ గేటు పరిసరాలకు ఈ చర్చ పరాయిది కాదు. బతుకుతెరువుకై ఉత్తర కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలకు బెంగాల్ నాగపూర్ రైల్వే ఆశ్రయమైంది. 1927లో ఉద్యోగాల కోతను ప్రతిఘటిస్తూ ఇక్కడి కర్మాగార కార్మికులు నెలల తరబడి పోరాడారు. ఆ రైల్వే కార్మికోద్యమ నాయకులలో, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు. సమీపంలోని హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు నిరాయుధ ఖైదీలు మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ దురంతాన్ని నిరసించారు. 1951లో సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమైంది ఆ శిబిర భవనంలోనే.

‘మాలపల్లి’ కూడా చెరసాలలో పుట్టినదే. సహాయ నిరాకరణ కాలంలో శిక్షకు గురైన ఉన్నవ దీనిని వెల్లూరు జైలులో రచించారు. అచ్చయిన పిమ్మట మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అంటే రచయితా, రచనా ధిక్కార ఫలాన్ని అనుభవించినవారే.

నవలలో ఒకే ఇంట రెండు ధిక్కారాలు ఉన్నాయి. తమ్ముడు సంగదాసు కూలీల పక్షాన బహిరంగంగా నిలిచి, యజమాని చౌదరయ్య దెబ్బకు ప్రాణం కోల్పోతాడు. అన్న వెంకటదాసు అజ్ఞాతంలోకి వెళ్లి, ధనికులను దోచి పేదలకు పంచుతాడు. చివరకు జైలులో మరణిస్తాడు. ఉన్నవ ఇద్దరికీ మరణమే విధించినా, తమ్ముడి పేరును సంగపీఠంగా నిలిపారు. రచయిత మొగ్గు ఎటువైపో ఇందులోనే తేటతెల్లమవుతుంది. అయినా వెంకటదాసును ఆయన దుష్టుడిగా చిత్రించలేదు. శాంతియుతంగా అడిగినవాడిని చంపిన సమాజమే రెండవవాడిని సృష్టించిందన్న గ్రహింపు నవలకు బలం.

అంతకన్నా విలువైన విషయం మరొకటి ఉంది. ధిక్కరించినవాడితోనే మూల్యం తీరిపోదు. తండ్రి రామదాసు ఎవరినీ ఎదిరించని భక్తుడు. అయినా భూమినీ, బిడ్డలనూ పోగొట్టుకున్నది ఆయనే. సమ్మెకాలంలో జీతం రాని ప్రతి ఇంటా ఇటువంటి రామదాసు ఉంటాడు. చరిత్ర గ్రంథాలలో మాత్రం అతడి పేరు అరుదు. రామదాసు నోట వేదాంతం కొన్నిచోట్ల కథను మందగింపజేస్తుందన్నది వాస్తవం. కాని ఆ సహనాన్ని తొలగిస్తే, కొడుకుల ధిక్కారం ఎంత ఖరీదైనదో పాఠకుడికి తెలియదు.

గేటు కింద దూరిపోయేవాడు తన తొందర మూల్యాన్ని ఇతరులపై మోపుతాడు. సంగదాసు ఇతరుల కష్టాన్ని తన తలపై వేసుకుంటాడు. ధిక్కారాన్ని తూచవలసిన తూనిక ఇదే.