వేడి మీదే పట్టాల్సిన జబ్బు

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయిన బండి పది పన్నెండు కిలోమీటర్లు పోయాక జర్కులు మొదలుపెడుతుంది. రేస్ ఇచ్చినా పికప్ రాదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ కూడా ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. ఓ అరగంట నీడన నిలబెడితే మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు చేరేసరికి చూపించడానికి రోగమే ఉండదు. హైదరాబాద్ పుత్లీబౌలీ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా ఏ మెకానిక్‌నైనా అడగండి, ఇంతగా సతాయించే కంప్లయింటు ఇంకోటి లేదంటాడు.

చేయి తిరిగిన మెకానిక్ ముందు స్పానర్ జోలికి పోడు, ప్రశ్నలు వేస్తాడు. ఎంత దూరం పోయాక మొదలవుతోంది? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా, అడుగంటినప్పుడా? టక్కున ఆగిపోతోందా, గుటుకుగుటుకుమంటూ మెల్లగా చస్తోందా? ఈ చివరి ప్రశ్నకే విలువెక్కువ. టక్కున ఆగితే అనుమానం కరెంటు మీదికి పోతుంది, మెల్లగా చస్తే పెట్రోలు మీదికి. తర్వాత ప్లగ్ స్పానర్ జేబులో వేసుకుని బండి తనే తీసుకెళ్తాడు, ఆగిపోయేదాకా తోలతాడు. ఎందుకంటే సాక్ష్యమంతా ఆగిన తర్వాతి పది నిమిషాల్లోనే దొరుకుతుంది. ఇంజన్ చల్లారితే అది కూడా పోతుంది.

ఆగిన చోటే మొదట చేసే పని పెట్రోలు ట్యాంకు మూత తెరవడం. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే, పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి కార్బొరేటర్‌కు ధార తగ్గిపోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి లాక్కుని, కాసేపట్లో బండి స్టార్టయిందంటే రోగం ఇంజన్‌లో లేనట్టే. వేడికీ దీనికీ సంబంధమే లేదు, కానీ వేడి మీద వచ్చే జబ్బులాగే కనబడుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా ఇంజన్ విప్పడం అన్యాయం.

తర్వాత ప్లగ్గు. దాన్ని విప్పి, క్యాప్‌లో పెట్టి, లోహపు భాగం ఇంజన్‌కు ఆనించి కిక్కు కొట్టాలి. విప్పిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది కాబట్టి ప్లగ్గును దానికి దూరంగా ఉంచడం తప్పనిసరి. నిప్పురవ్వ నీలంగా, చురుగ్గా ఉంటే కరెంటు బాగున్నట్టు. పసుపు రంగులో సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా కాయిల్‌ను పట్టుకోవాలి. కాయిల్ లోపల వెంట్రుక మందం తీగ వేల చుట్లు ఉంటుంది. తీగ మీది పూత పాతబడితే చల్లగా ఉన్నంతసేపు నిలబడుతుంది, వేడెక్కగానే కరెంటు చుట్ల మధ్య అడ్డదారి పడుతుంది. ఎక్కడో తెగిన తీగ కొనలు చల్లగా ఉన్నప్పుడు తాకుతూ, వేడికి వ్యాకోచించినప్పుడు విడిపోవడమూ మామూలే. అందుకే చల్లటి బండికి మీటరు పెడితే అంతా బాగానే చూపిస్తుంది.

దీనికి మెకానిక్‌లు చేసే పరీక్ష చాలా తేలిక. ఇగ్నిషన్ ఆపి, ట్యాంకు కింద ఉండే హెచ్‌టీ కాయిల్ మీద తడిగుడ్డ చుట్టి చల్లార్చి చూస్తారు. కరెంటు తిరిగొస్తే దొంగ దొరికినట్టే. మాగ్నెట్ పక్కన ఇంజన్ వేడిలోనే మగ్గే పల్సర్ కాయిల్‌ది తిరగేసిన పద్ధతి. దాన్ని విప్పి, మీటరు తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తారు. రాగి తీగ నిరోధం ప్రతి పది డిగ్రీలకు సుమారు 4 శాతం పెరగడం సహజం. అంకె అలా నెమ్మదిగా పెరిగితే కాయిల్ మంచిదే, ఉన్నట్టుండి ఎగిరిపోతే అది పనికిరాదు. పాయింట్లున్న పాత బుల్లెట్లలో వేడి మీద మొరాయించే ఈ పాత్ర కండెన్సర్‌ది.

కరెంటు బాగుండి కూడా స్టార్టవకపోతే కిక్కు కొట్టే కాలే చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడు ఎదురొత్తిన కిక్కు వేడి మీద జారిపోతుంటే కంప్రెషన్ పోతున్నట్టు. దీనికి ఎక్కువసార్లు కారణం బిగిసిన టాపెట్టు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి పొడుగు సాగుతుంది. సాగడానికి వదిలిన సందు స్ప్లెండర్ లాంటి బండ్లలో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్తా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, తన వేడిని సీటుకు వదిలించుకోలేక అంచు కాలిపోతుంది. చాలాసార్లు ఈ జబ్బు తెచ్చిపెట్టేది ఓనరే. టకటకమంటోందని గోల పెడతాడు, మెకానిక్ కాదనలేక బిగిస్తాడు. కొద్దిపాటి టాపెట్ చప్పుడు ఇంజన్‌కు మేలే చేస్తుంది. సందు సరిచేసేది పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద, మాగ్నెట్ మీది టీ గుర్తు కలిపి, కంప్రెషన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు. వేలి అంచనా ఎంత గొప్పదైనా ఫీలర్ గేజ్ వాడటమే మంచిది.

ప్లగ్గు రంగూ చూడాలి. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, బహుశా చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య రబ్బరు చిట్లిందేమో వెతకాలి. 1985 నుంచి 1996 దాకా తయారై, ఇప్పటికీ కుర్రాళ్లు వెంటపడే యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండికి ఎగ్జాస్ట్ వాల్వులూ టాపెట్లూ లేవు. అందులో అనుమానించాల్సింది క్రాంక్ సీలు. అది గట్టిపడితే దొంగచాటుగా గాలి పీలుస్తుంది. వేడెక్కాక రేస్ వదిలినా ఇంజన్ దిగిరాకపోవడం దాని గుర్తు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలతో చాలా బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. అయినా పద్ధతి మారలేదు. ఉష్ణోగ్రత సెన్సర్ చెడి ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని చెబుతుంటే, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ అవసరానికి మించి పెట్రోలు పోస్తూనే ఉంటుంది. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే స్కానర్ పెట్టి, సెన్సర్ అంకె గాలి ఉష్ణోగ్రతతో కలుస్తుందో లేదో చూసుకోవచ్చు. ఆ తర్వాత ఇంజన్ వేడెక్కుతున్న కొద్దీ అంకె పెరుగుతోందో లేదో కూడా చూడాలి.

ప్లగ్గు, సీడీఐ (ఇగ్నిషన్ యూనిట్), కార్బొరేటర్ అన్నీ ఒకే పూట మార్చేసి బిల్లు చేతిలో పెట్టడం కన్నా, ఒకసారికి ఒక్కటే మార్చే మెకానిక్ దగ్గరికి పోవడం ఓనరుకు లాభం. రెండు కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తేలదు, బాగున్న పాత సామాను పాత ఇనుముకు పోతుంది. మార్చాక కూడా షెడ్డు ముందు స్టార్ట్ చేసి చూపిస్తే చాలదు. వెనక ఒకరిని ఎక్కించుకుని, మొదట ఎక్కడ ఆగిందో ఆ దూరం దాటేదాకా, వీలైతే మధ్యాహ్నం ఎండలోనే, తోలి చూడాలి.