ఆర్మూర్ – నవనాథపురం: ఒక స్థలనామ గాథ పరిశీలన

స్థలనామ గాథను వ్యుత్పత్తిగా స్వీకరించడం ఎంత పొరపాటో, కేవల కల్పనగా త్రోసిపుచ్చడమూ అంతే పొరపాటు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ ఇందుకు నిదర్శనం.

ఊరి పూర్వనామం నవనాథపురమని, సిద్ధులగుట్టపై తొమ్మండుగురు నాథసిద్ధులు తపస్సు చేశారని స్థానికుల విశ్వాసం. ఆరు, మూరు కలిసి తొమ్మిది కనుక ‘ఆర్మూర్’ అయిందని జనవ్యుత్పత్తి.

చిక్కు ‘మూరు’ వద్ద ఉంది. ‘ఆరు’ తెలుగు కన్నడాలకు సమానం; ‘మూరు’ కన్నడ రూపం, తెలుగున ‘మూడు’. రాష్ట్రకూట, కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న బోధన్ సీమకు కన్నడ సంపర్కం కొత్త కాదు. అయితే సంపర్కం అవకాశాన్ని చూపుతుందే గాని వ్యుత్పత్తిని నిరూపించదు. సమీపంలోని ఆలూరులో వలె ‘ఊరు’ ఉత్తరపదమైతే మకారం పూర్వపదానికి చేరుతుంది, సంఖ్యార్థం నిలవదు. పైగా పేరు పెట్టేవారికి తొమ్మిదిని ఆరు, మూడుగా విడదీయవలసిన అవసరం లేదు. ఉన్న పేరులో తొమ్మిదిని సాధించదలచినవారికే అది అవసరం.

కనుక పేరు ముందు, గాథ తరువాత అనడమే సమంజసం. మధ్యయుగ ఐర్లండులోని ‘దిన్‌షెన్‌ఖస్’ గాథలు అనేకం ఈ విధంగానే ఉన్న పేరుకు కథను అల్లాయి. ఆర్మూర్ గాథ ఊరి పుట్టుకను చెప్పదు. నాథసంప్రదాయం గుట్టను తన క్షేత్రంగా చేసుకొని, ఊరి పేరును సైతం తనదిగా చదువుకున్న తీరును చెబుతుంది. దాని సాక్ష్యం నిరుక్తికి కాదు, మతచరిత్రకు.