తెరలు చూచే పిల్లల మెదడు: ఒక పరిశోధనపై విమర్శ

2019 నవంబరులో ‘జామా పీడియాట్రిక్స్’ అనే అమెరికా వైద్య పత్రికలో జాన్ హటన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ఫలితాలను ప్రకటించినారు. దీనిని సాక్ష్యంగా చూపి, సెల్ ఫోను పిల్లల మెదడును పాడుచేస్తుందని చెప్పేవారున్నారు. ఆ పరిశోధన నిజంగా చెప్పినదేమి?

సిన్సినాటి పిల్లల ఆసుపత్రి పరిశోధకులు మూడు మొదలు అయిదేండ్ల వయసుగల 47 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను పరీక్షించినారు. తెరల వాడుకను గురించి తల్లిదండ్రులను 15 ప్రశ్నలడిగి, జవాబులకు మార్కులు వేసినారు. అయస్కాంత అనునాద యంత్రంతో పిల్లల మెదడులోని తెల్ల పదార్థాన్ని చిత్రించినారు. మెదడు భాగాలను ఒకదానితో ఒకటి కలిపే నాడీ తంతువుల కట్టలే ఈ తెల్ల పదార్థం. తంతువులపై మైలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడినకొద్దీ సంకేతాలు వేగంగా ప్రయాణిస్తాయి. తెర మార్కులు హెచ్చుగా వచ్చిన పిల్లలలో, భాషకు, చదువుకు తోడ్పడే కట్టల కూర్పు కొంత వెనుకబడినట్లు కనిపించినది. వయస్సు, కుటుంబాదాయాల భేదాన్ని లెక్కలో సవరించిన తరువాత కూడ ఈ సంబంధం నిలిచినది.

ఈ ప్రయత్నం మెచ్చదగినదే. మాటలవలె చదువు పుట్టుకతో అబ్బే శక్తి కాదు. లిపి పుట్టి సుమారు 5,000 ఏండ్లే అయినది. చూపునకు, మాటకు సంబంధించిన భాగాలను కలిపి, ప్రతి బిడ్డ మెదడు చదువుదారిని కొత్తగా వేసికోవాలి. ఆ దారి పడే వయస్సులోనే పరిశీలించడం తెలివైన పని.

అయితే లోపాలను కూడ గమనించాలి. పిల్లల సంఖ్య స్వల్పం. ఒక్కమారే కొలిచినారు, కాబట్టి ఏది ముందో, ఏది వెనుకో తెలియదు. కోడి కూత, తెల్లవారుట ఒక్కవేళనే జరుగుతాయి. కూతవల్లనే తెల్లవారినదని అనము గదా! తమ పరిశోధన కారణాన్ని నిరూపించలేదని రచయితలే ఒప్పుకొన్నారు. మరొకటి: ఎంతసేపు చూచినారు, ఏమి చూచినారు, పెద్దలు ప్రక్కన కూర్చున్నారా అనే వేర్వేరు విషయాలన్నీ ఒక్క మార్కులోనే కలిసిపోయినవి. హాని వెలుగు వలననా, లేక ఆ వేళలో జరుగవలసిన మాటామంతీ జరుగనందువలననా? ఈ ప్రశ్నకు ఇందులో జవాబు లేదు.

కూలిపనికి పోతూ బిడ్డకు ఫోను ఇచ్చిన తల్లిని దోషిగా నిలబెట్టడానికి ఈ సాక్ష్యం చాలదు. జాగ్రత్త పడడానికి మాత్రం చాలును. రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ 2019లోనే సూచించినది.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు 2018లో వెలువడిన వేరొక సమీక్ష మరింత ఉపయోగం. 54 పరిశోధనలను కలిపి చూడగా, సమాచార పాఠాలను తెరమీదకంటె కాగితంమీద చదివినవారే బాగుగా గ్రహించినారు. వేళ పరిమితమైనపుడు ఈ తేడా హెచ్చినది. కథలలో తేడా కనిపించలేదు. కాబట్టి భౌతికశాస్త్ర పాఠాన్ని పుస్తకంలోనే చదివించండి. పసిబిడ్డల తల్లులకు మెదడు చెడుతుందని భయం చెప్పవద్దు. చదువు వచ్చినా రాకపోయినా, రోజుకొక కథ చెప్పమనండి.