పందికి నింద, కుక్కకు కత్తెర

"మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు సార్, మా పిల్లకి పంది పురుగేంటి?" దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌లలో నరాల డాక్టర్ల గదుల్లో ఇది వినబడని ప్రశ్నేమీ కాదు. పిల్ల నల్లగొండ నుంచో ఖమ్మం నుంచో కోచింగ్‌కి వచ్చి హాస్టల్లో ఉంటుంది. ఓ రోజు ఫిట్స్ వచ్చి పడిపోతుంది. పక్కవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడతారు. స్కాన్‌లో మెదడు మీద గుండ్రటి మచ్చ కనబడుతుంది. సర్జన్ దగ్గర ఇంకో ప్రశ్న: "మేం కుక్కని పెంచనే లేదు, లివర్లో కుక్క పురుగు తిత్తి ఎట్లా వచ్చింది?" ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఈ నగరం పురుగుల విషయంలో ఎక్కడ తప్పుదారి పట్టిందో తెలుస్తుంది.

రెండూ బద్దె పురుగుల కుటుంబమే. పంది పురుగు టీనియా సోలియం మనిషి పేగులో మీటర్ల పొడవు పెరుగుతుంది. కుక్క పురుగు ఎకినోకాకస్ కుక్క పేగులో అర సెంటీమీటరు దాటడం అరుదు. పేర్లు జంతువులవి కాబట్టి నింద కూడా జంతువులకే పోయింది. పంది విషయంలో అది సగం అబద్ధం. మాంసంలో ఉడికిన సగ్గుబియ్యంలా కనిపించే తిత్తుల్ని సరిగా ఉడికించకుండా తిన్నవాడికి వచ్చేది పేగులో పురుగు మాత్రమే. నిక్లోసమైడ్ గానీ ప్రాజిక్వాంటెల్ గానీ ఒక్క మోతాదుతో పోతుంది. చాలామందికి అది ఉన్న సంగతే తెలియదు. అసలు ప్రమాదం ఆ మనిషి మలంలో బయటికొచ్చే గుడ్లతో. సబ్బు తగలని వేళ్ల మీదో, మురుగునీటితో పండిన కొత్తిమీర మీదో అవి ఇంకొకరి నోటికి చేరితే, లోపల పిల్ల పురుగులు పేగు గోడ దాటి, రక్తంలో కలిసి, మెదడులో తిత్తి కట్టుకుంటాయి. పందికి పట్టాల్సిన గతి మనిషికి పడుతుందన్నమాట. ఆ తిత్తి ఏళ్ల తరబడి కిమ్మనదు. అది చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ మొదలవుతాయి. 1961లో డిక్సన్, లిప్స్‌కూంబ్ అనే ఇద్దరు 450 మంది రోగుల చరిత్రలు అచ్చువేశారు. వాళ్లలో ఎక్కువమంది ఇండియాలో కొలువు చేసి వెళ్లిన బ్రిటిష్ సైనికులు. ఇల్లు చేరిన ఏళ్లకు పడ్డవాళ్లు వాళ్లలో ఎందరో.

శాకాహారి ప్రశ్నకు సూటి జవాబు 1992లో న్యూయార్క్ నుంచి వచ్చింది. పంది మాంసం మతరీత్యా నిషిద్ధమైన సనాతన యూదు కుటుంబాల్లో నలుగురికి మెదడులో ఈ తిత్తులు దొరికాయి. దారి వెతికితే లాటిన్ అమెరికా నుంచి వచ్చిన ఇంటి పనివాళ్ల దగ్గర తేలింది. మన హాస్టల్ వంటగదికి ఈ కథ అతికినట్టు సరిపోతుంది, కానీ దీన్ని చెప్పే పద్ధతి మీద నాకు పేచీ ఉంది. విన్నవెంటనే వంట మాస్టర్‌ను మార్చేద్దాం అంటారు. కొత్తగా వచ్చే మనిషి పేగులో ఏముందో ఎవరు చూశారు? వంటవాళ్లకు మల పరీక్ష, ఉంటే ఒక మోతాదు మందు, వాళ్ల పాయిఖానాలో నీళ్లూ సబ్బూ: ఇది చేయించని యజమాని ఎంతమందిని మార్చినా ఒకటే. చైతన్యపురి సందుల్లో వందమంది పిల్లలున్న హాస్టళ్లలో పనివాళ్ల పాయిఖానా ఎక్కడుందో అడిగి చూడండి.

వైద్యులూ ఈ పురుగును చాలాకాలం గుర్తుపట్టలేదు. ఫిట్స్ వచ్చినవాళ్ల స్కాన్‌లో ఒంటరి మచ్చ కనబడితే క్షయ గడ్డ అనుకుని నెలలకొద్దీ టీబీ మందులు మింగించేవాళ్లు. ఆ మచ్చల్లో ఎక్కువ భాగం చచ్చిపోతున్న పంది పురుగు తిత్తులేనని వెల్లూరు సీఎంసీలో వేదాంతం రాజశేఖర్, మాథ్యూ చాండీ బయాప్సీలతో చూపించాకే దేశమంతటా వైద్యం మారింది.

కుక్క పురుగు దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మనిషి మలానికి పాత్ర లేదు. రోగి నుంచి ఎవరికీ అంటదు. తిత్తి ఉన్న గొర్రె కార్జం మనిషి తిన్నా ఆ జబ్బు రాదు. అదే కార్జం, అదే ఊపిరితిత్తి పచ్చిగా కుక్క తింటే ఆరేడు వారాల్లో దాని పేగులో వేల పురుగులు ఎదిగి గుడ్లు విడుస్తాయి. కుక్క ఒళ్లు నాక్కున్నప్పుడు బొచ్చుకు అంటినవీ, ఆటస్థలం ఇసుకలో కలిసినవీ పిల్లల చేతికి చేరతాయి. లివర్లో, ఊపిరితిత్తుల్లో తిత్తి ఏళ్ల మీద పెరుగుతుంది. ఆపరేషన్‌లో పగిలితే ఆ నీటికి ఒళ్లు వికటించి ప్రాణం మీదికి రావచ్చు, పైగా కడుపంతా కొత్త తిత్తులు మొలుస్తాయి. తెలుగు నేలకు ఇది కొత్త కాదు. కర్నూలులో ఈ వ్యాధి వ్యాప్తి మీద అధ్యయనం 1968లోనే అచ్చయింది.

అంటే రెండిట్లోనూ పెద్ద జబ్బుకు కంచంలోని ముక్కతో సంబంధం లేదు. తేడా అల్లా ఎవరి మలం అన్నదే. నగరం మాత్రం ఈ తేడాను పట్టించుకోకుండా రెండిటికీ తనకు అలవాటైన మందే వేస్తోంది.

ఒకటి, ఆల్బెండజోల్ మాత్ర. 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో వేస్తున్నారు. 1 నుంచి 19 ఏళ్లవాళ్లకు, మట్టి నుంచి వచ్చే ఏలికపాములకీ కొంకి పురుగులకీ. దానికది మంచి కార్యక్రమమే. పంది పురుగు మోసే పెద్ద వయసు వంటమనిషి దాని పరిధిలోకే రాడు.

రెండోది కత్తెర. 2023 ఫిబ్రవరిలో, మూసారంబాగ్ వంతెన దాటితే వచ్చే అంబర్‌పేటలో, నాలుగేళ్ల పిల్లవాడు వీధికుక్కల దాడిలో చనిపోయాక కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఊపందుకున్నాయి. ఎల్బీ నగర్ వైపు ఆటోనగర్‌లో నగరపాలక సంస్థ జంతు సంరక్షణ కేంద్రం ఉంది. పట్టడం, కోయడం, రేబిస్ టీకా వేయడం, తెచ్చిన చోటే వదలడం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ జాబితాలో పురుగుల మందునూ చేర్చింది. సంతోషమే. కానీ తెచ్చిన చోటంటే ఏది? చాలాసార్లు మటన్ షాపు వెనక సందే. ఆదివారం పొద్దున కొత్తపేటలోనో సరూర్‌నగర్‌లోనో షాపు పక్కన నిలబడితే, ఎవరూ కొనని ఊపిరితిత్తి ముక్కలు ఎటు పోతున్నాయో తెలుస్తుంది. మందు వేసిన కుక్క రెండు నెలలు తిరక్కముందే మళ్లీ గుడ్లు విడవగలదు. ప్రాజిక్వాంటెల్ ఏడాదికి నాలుగుసార్లన్నా పడాలి, లేదా పచ్చి కార్జం దానికి అందకుండా పోవాలి. రెండోదే చవక.

ఐస్‌లాండ్ ఆ చవక దారే పట్టింది. 1863లో హారల్డ్ క్రాబే అనే డేనిష్ శాస్త్రవేత్త అక్కడికెళ్లి కుక్కల్ని కోసి చూశాడు. మరుసటేడు ఇంటింటికీ పంచేందుకు చిన్న పుస్తకం రాశాడు: గొర్రె పేగులూ తిత్తులూ కాల్చండి, పాతిపెట్టండి, కుక్కకు వేయకండి. చదవడం వచ్చిన జనం, గొర్రెలే బతుకైన దేశం. తర్వాత చట్టాలు వచ్చాయి, జబ్బు పోయింది. న్యూజీలాండ్ కాస్త ఆలస్యంగా అదే దారిలో నడిచి 2002లో విముక్తి ప్రకటించుకుంది. మనకూ గొర్రెలు తక్కువేం లేవు. 2019 పశుగణనలో సుమారు కోటీ 90 లక్షలతో తెలంగాణే దేశంలో మొదటిది. 2017లో మొదలైన పథకం లబ్ధిదారుకు 21 గొర్రెల చొప్పున పంచింది. ఆ లెక్కల మీద జరిగిన రాజకీయ చర్చలో మంద వెంట తిరిగే కుక్క ఊసే రాలేదు.

పంది పురుగు విషయంలో హైదరాబాద్ చేసిన మేలు ఒకటుంది, చాలామందికి తెలియదు. మెల్‌బోర్న్‌లో మార్షల్ లైటౌలర్స్ బృందం రూపొందించిన పందుల టీకాను ఇక్కడి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 'సిస్‌వ్యాక్స్' పేరుతో తయారుచేసింది. గొర్రెలకు కుక్క పురుగు తిత్తులు రాకుండా ఆపే ఈజీ95 టీకా వెనకా ఆయనే ఉన్నాడు. దాన్ని అర్జెంటీనా గొర్రెల మందల్లో వాడి చూసింది. టీకాల ఫ్యాక్టరీలున్న మన ఊళ్లో ఈజీ95 పేరు పశువైద్యుల నోటా అరుదే.

రెండిట్లో ఏ నిర్లక్ష్యం ఎక్కువ తప్పు అంటే, నేను కుక్క పురుగు వైపే వేలు చూపిస్తాను. పంది పురుగును ఆపాలంటే అంబర్‌పేట, నాగోల్ మురుగుశుద్ధి కేంద్రాల నుంచి, మూసీ దిగువన పండే ఆకుకూరల నుంచి, హాస్టల్ పాయిఖానా దాకా ఎన్నో శాఖలు కలవాలి, ఏళ్లు పడుతుంది. కుక్క పురుగుకు అంత అక్కర్లేదు. కబేళాలూ, మాంసం దుకాణాల లైసెన్సులూ, వీధికుక్కలూ నగరపాలక సంస్థలో చూసేది ఒకే పశువైద్య విభాగం. కుక్కల బండి పంపే అధికారే, వ్యర్థాలకు మూతపడే డబ్బా లేని షాపుకు లైసెన్సు ఆపవచ్చు.