విల్లీ లోమన్ భారతం మిట్ట ఎక్కితే

ఆర్థర్ మిల్లర్ నాటకం 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' 1949 ఫిబ్రవరి 10న న్యూయార్కు రంగస్థలం మీదికి వచ్చింది. ఎలియా కజాన్ దర్శకుడు, విల్లీ లోమన్ వేషం లీ జె. కాబ్‌ది. 742 ఆటలు ఆడింది, ఆ ఏడే పులిట్జర్ బహుమతీ వచ్చింది. ఇంగ్లిషు ఎం.ఏ. చదివిన తెలుగువాళ్ళలో చాలామందికి ఇది పరీక్షలో అడిగే నాటకం. అమెరికన్ కల గురించి నాలుగు పేజీలు, తండ్రీకొడుకుల గురించి రెండు పేజీలు రాస్తే మార్కులు పడతాయి. ఇలాంటి నాటకాన్ని మన భాషలో ఆడాలనుకునేసరికి మనకు ముందుగా గుర్తొచ్చేది సోఫా, ఫ్రిజ్, టై, తలుపులున్న మూడు గోడల గది. నా అభిప్రాయం వేరు. ఈ నాటకంలోని మనుషుల మధ్య బంధాలు తెలుగులో పూర్తిగా తెరుచుకోవాలంటే దాన్ని వీధినాటకం కట్టులో ఆడాలి. అందుకు కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌ను మించిన చోటు లేదు.

ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట వైపు కోలారు జిల్లా పల్లెల్లో తెలుగు ఇంటి భాష. హద్దు దాటితే కుప్పం, పలమనేరు, పుంగనూరు. ఆ చిత్తూరు పక్క ఎండాకాలం వచ్చిందంటే భారతం మిట్ట మీద భారతం ఉత్సవం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, చాలాచోట్ల పర్వాల లెక్కన 18 రోజులు. తపస్సు రోజున అర్జున వేషధారి పాడుకుంటూ ఎత్తైన మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలూ పూలూ విసిరితే, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు కింద కొంగు పడతారు. చివరి రోజు మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ ముందు వధ జరుగుతుంది, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. ఈ మొక్కులూ గుండమూ వ్రతానికి చెందినవి, వాటి జోలికి మనం పోకూడదు. నేను చెబుతున్నది రాత్రి ఆడే వీధినాటకం సంగతి: ఆ దరువులు, వచనాలు, తెర, వంతపాట, హాస్యగాడు.

తెరతో మొదలుపెడదాం. ఇద్దరు మనుషులు ఒక గుడ్డను అడ్డంగా పట్టుకుని నిలబడతారు. వేషగాడు దాని వెనక నిలబడి పాట అందుకుంటాడు. జనానికి ముందు గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, తెరపైన కిరీటం కొస మెరుస్తుంది, కింద అడుగులు కదులుతాయి. ముఖం మాత్రం కనబడదు. వచ్చేదెవరో తెలుసు, ఎప్పుడు బయటపడతాడో తెలియదు. ఇప్పుడు మిల్లర్ నాటకం మొదటి అంకం చూడండి. విల్లీ భార్య లిండా మాట్లాడుతుండగా చీకట్లోంచి ఎవరో ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు బోస్టన్ హోటల్ గదిలోది. ఆమె కాసేపు కనబడి మాయమవుతుంది గాని, ఆ గదిలో ఏం జరిగిందో, పెద్దకొడుకు బిఫ్ ఏం చూశాడో తెలియాలంటే రెండో అంకం చివరిదాకా ఆగాలి. గది నాటకంలో ఈ నవ్వును టేపు మీద వినిపిస్తారు, అది ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటుంది. తెర వెనక గజ్జెలు విని పెరిగిన జనానికి మాత్రం రావలసిన వేషం ఒకటి అక్కడ కాచుకుని ఉందని వెంటనే అర్థమవుతుంది.

కాలం సంగతీ అంతే. మిల్లర్ రంగసూచనల్లో ఒక నియమం పెట్టాడు. వర్తమానంలో పాత్రలు ఇంటి గోడలున్నట్టు నడుచుకోవాలి, గడపలోంచే రావాలి. గతంలోకి వెళితే గోడల్లోంచే నడిచి ముందుకు వచ్చేయవచ్చు. అమెరికా రంగస్థలానికి ఇది సాహసం. రంగాలంకరణ చేసిన జో మీల్జీనర్ పైకప్పు చట్రం మాత్రమే ఉన్న ఇల్లు కట్టి దాన్ని సాధ్యం చేశాడు. వీధినాటకంలో ఒకే ఆటస్థలం చుట్టూ రెండు చుట్లు తిరిగితే హస్తినాపురం అడవి అయిపోతుంది, మూడో చుట్టుకు పన్నెండేళ్ళు గడుస్తాయి. జనం ఎవరినీ వివరణ అడగరు. విల్లీ చీట్లపేక ఆడుతూ ఎదుట కూర్చున్న పక్కింటి చార్లీతోనూ, ఈమధ్యే చనిపోయిన అన్న బెన్‌తోనూ ఒకేసారి మాట్లాడే సన్నివేశం ఈ కట్టులో ఏ లైటింగు సాయమూ లేకుండా నిలబడుతుంది.

ఇక ప్రవేశ దరువు. వీధినాటకంలో రాజు తన పేరు, వంశం, పరాక్రమం తానే పాడుకుంటూ వస్తాడు. ఆ గొప్పలు విన్న జనానికి అతని గతి ముందే తెలుసు కాబట్టి, ప్రతి పొగడ్తా వాళ్ళ చెవిలో రెండు అర్థాలతో పడుతుంది. విల్లీ ప్రతాపాలన్నీ ప్రవేశ దరువులే. న్యూ ఇంగ్లండ్ అంతా తనకు పరిచయమనీ, తాను లేకపోతే కంపెనీ నడవదనీ, తన చావుకు ఊళ్ళు ఊళ్ళే కదిలి వస్తాయనీ చెప్పుకుంటాడు. మిల్లర్ శీర్షికలోనే చావు చెప్పేశాడు. అంటే ఏమవుతుందన్న ఉత్కంఠను మొదటే వదిలేసి, ఎలా అవుతుందన్నదే చూడమన్నాడు. దుర్యోధనుడు చస్తాడని తెలిసీ తెల్లవార్లూ కూర్చునే జనం అలవాటు సరిగ్గా ఇదే.

బంధాల దగ్గరికి వస్తే పోలిక ఇంకా లోతుకు పోతుంది. జూదం జరుగుతుంటే ధృతరాష్ట్రుడు ఏం గెలిచాం, గెలిచామా అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. న్యాయం ఎటు ఉందో ఆయనకు తెలియక కాదు. కొడుకు గెలిచాడన్న మాట వినాలన్న ఆశ ఆ తెలివిని మించిపోయింది. మిల్లర్ నాటకంలో రెస్టారెంటు సన్నివేశాన్ని దీని పక్కన పెట్టండి. బిఫ్ పొద్దున తన పాత యజమాని బిల్ ఆలివర్ దగ్గరికి అప్పు అడగడానికి వెళ్ళాడు. గంటల తరబడి కూర్చుంటే ఆయన బయటికి వచ్చాడు గాని గుర్తే పట్టలేదు. బిఫ్ ఆయన పెన్ను దొంగిలించి పారిపోయి వచ్చాడు. ఆ రోజే తన బతుకంతా ఒక అబద్ధం మీద కట్టుకున్నదని మొదటిసారి గ్రహించాడు. ఈ నిజం నాయనకు చెప్పాలని కూర్చుంటే విల్లీ చెప్పనివ్వడు. ఆలివర్ ఆదరించాడా, లోపలికి పిలిచాడా, ఏమన్నాడు అని శుభవార్త కోసం పీకుతూనే ఉంటాడు. తమ్ముడు హ్యాపీ పక్కనుంచి అబద్ధాలు అందిస్తూ శకునిలా ఆట సాగిస్తాడు. కొడుకును ప్రేమించడం తప్ప ఇంకే నేరమూ చేయలేదనుకునే తండ్రులు ఇద్దరూ. ఆ ప్రేమే కొడుక్కి నిజం వినిపించే దారి మూసేసింది. ధృతరాష్ట్రుడి ప్రశ్నను ఆటస్థలం మీద విన్నవాళ్ళకు విల్లీ ప్రశ్న కొత్తగా వినిపించదు. అందుకే మరింత గట్టిగా తగులుతుంది.

లిండాను విమర్శకులు చాలాసార్లు ఓర్పుగల ఇల్లాలిగా తీసిపారేశారు. అది తప్పని నా నమ్మకం. భర్త లేనప్పుడు ఇద్దరు కొడుకులనూ నిలబెట్టి ఆమె అడిగిన తీరు చూడండి. గొప్పవాడు కాకపోవచ్చు, పేపర్లో పేరు పడకపోవచ్చు, అయినా ఒక మనిషి అరిగిపోతుంటే చూసేవాళ్ళు ఉండొద్దా అని నిలదీస్తుంది. సభలో ద్రౌపది ఏడవడానికి ముందు ప్రశ్న వేసింది: తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. వీధినాటకం ఆ ప్రశ్నను దరువుగా కట్టి, వంతపాటతో తిప్పి తిప్పి జనంలోకి పంపుతుంది. లిండా మాటలు కూడా ఒక గది గోడలకు తగిలి ఆగిపోవలసినవి కావు.

అసలు విషయం బెన్ దగ్గర ఉంది. విల్లీ అన్న బెన్ అలాస్కాకు బయలుదేరి దారి తప్పి ఆఫ్రికా చేరాడు. 17 ఏళ్ళ వయసులో అడవిలో అడుగుపెట్టి, 21 ఏళ్ళకు ధనవంతుడై బయటికి వచ్చాడు. వజ్రాల గనులు. ఎలా సంపాదించాడో నాటకంలో ఎవరూ చెప్పరు. విల్లీ అడిగినప్పుడల్లా బెన్ గడియారం చూసుకుని వెళ్ళిపోతాడు. కోలారు నేలకు ఈ కథ రెండో కొస నుంచి తెలుసు. న్యూజిలాండ్ బంగారం చూసి వచ్చిన ఐరిష్ సైనికుడు మైకేల్ లావెల్ 1870లలో ఇక్కడ తవ్వడానికి మైసూరు సంస్థానాన్ని అనుమతి కోరాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని చివరికి 3 కిలోమీటర్ల లోతు దాటింది. నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం తీశారు. తీసినవాళ్ళు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. రాతిపేలుళ్ళలో పోయినవాళ్ళు, ఊపిరితిత్తుల్లో దుమ్ముతో పోయినవాళ్ళు. అంటే బెన్ కథలో కనబడని మనుషులందరూ ఇక్కడ ప్రేక్షకుల్లో కూర్చుంటారు. వీధినాటకంలో ఏ రాజు వచ్చినా హాస్యగాడు ఎదురెళ్ళి ఎవరు సామీ తమరు, ఏ ఊరు, ఏం పని మీద వచ్చారు అని అడగాలి. ఊరి సంగతులు, ధరల సంగతులు కలిపి రాజుతో మాట్లాడే స్వేచ్ఛ అతనికి ఉంది. బెన్ గొడుగు ఊపుకుంటూ తెర దాటి వచ్చినప్పుడు అతను ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు: ఆ వజ్రాలు తవ్విందెవరు సామీ? విల్లీకి జీవితమంతా తోచని ప్రశ్న అది. మిల్లర్ ఖాళీగా వదిలిన చోటును మన సంప్రదాయం తన సహజ పద్ధతిలోనే చూపగలదు, మూలంలో ఒక్క మాట మార్చకుండా.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. విల్లీ అమ్మకాలవాడు, గని కార్మికుడు కాడు. చేతులతో పనిచేసినవాడి బాధ వేరు. నిజమే, తేడా ఉంది. అయితే నాటకం చివర స్మశానంలో బిఫ్ చెప్పేది గుర్తు చేసుకోవాలి: నాయన అమ్మిన సరుకంతటిలో కంటే, ఆదివారాలు కష్టపడి సిమెంటుతో కట్టిన ఇంటిముందు మెట్లలోనే ఆయన ఎక్కువగా ఉన్నాడని. విల్లీకి చేతిపని వచ్చు, ఆ పనిని తనే చిన్నచూపు చూశాడు. గోల్డ్ ఫీల్డ్స్‌లో జరిగింది దీనికి తిరగబడిన కథ. అక్కడి మనుషులకు తమ చేతి నైపుణ్యం మీద గర్వం ఉండేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఆ నైపుణ్యాన్ని అడిగే చోటు లేకుండా పోయింది. కొడుకులు మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగివస్తున్నారు. 30 ఏళ్ళకు పైగా ఊళ్ళు తిరిగిన విల్లీ, వారానికి 65 డాలర్లు చాలునని మొదలుపెట్టి 50కి, 40కి దిగుతూ యజమాని కొడుకు హవర్డ్ ముందు నిలబడే దృశ్యం ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు.

రెండో అభ్యంతరం బలమైనది. వీధినాటకం గొంతెత్తి పాడేది, విల్లీ కథ ఒక మనిషి తలలో జరిగేది. ఆ సన్నని బాధ హార్మోనియం మద్దెలల మధ్య నలిగిపోదా? వీధినాటకాన్ని పాటగా మాత్రమే వినేవాళ్ళ అపోహ ఇది. దరువు ఆగిన చోట వచనం వస్తుంది. మద్దెల ఊరుకుంటుంది. అంతసేపు ఊపులో ఉన్న జనం ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క మాటా వింటారు. బోస్టన్ గదిలో విల్లీ ఆ ఆడమనిషికి మేజోళ్ళు ఇచ్చాడని తెలిసి, అవి అమ్మవని బిఫ్ ఏడ్చే చోట సంగీతం ఉండకూడదు. ఇంట్లో లిండా తన పాత మేజోళ్ళ చిరుగులు కుట్టుకుంటుంటే విల్లీ ఎందుకు చిరాకుపడ్డాడో అప్పుడే తెలుస్తుంది. పైగా విల్లీ నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు. అరుస్తాడు, కీర్తించుకుంటాడు, వెంటనే కుంగిపోతాడు.

పరాయి దేశపు నాటకాన్ని ఇంత దూరం తేవచ్చా అన్నవాళ్ళకు మిల్లరే జవాబిచ్చాడు. 1983లో బీజింగ్ పీపుల్స్ ఆర్ట్ థియేటర్‌లో యింగ్ రుఓచెంగ్ విల్లీగా తానే ఈ నాటకానికి దర్శకత్వం వహించాడు. చైనా నటులు అమెరికన్లలా కనబడటానికి విగ్గులు పెట్టుకోబోతే వద్దన్నాడు, చైనీయులుగానే ఆడమన్నాడు. కమీషన్ అమ్మకాలు అలవాటు లేని నగరంలో ప్రేక్షకులు తండ్రినీ కొడుకునూ వెంటనే గుర్తుపట్టారు.

గోల్డ్ ఫీల్డ్స్‌లో ఆడితే భాష కూడా ఆ ఊరిదే కావాలి. లోమన్ ఇంట్లో చిత్తూరు తెలుగు. పక్కింటి చార్లీ తమిళంలో మాట్లాడాలి. విల్లీ అతన్ని ఎంత కసిరినా ప్రతి వారం 50 డాలర్లు చేతిలో పెడుతూ, ఉద్యోగం ఇస్తానంటే విల్లీ తీసుకోనప్పుడు కూడా సాయం ఆపని మనిషి అతను. ఒకరు తమిళంలో అడిగితే ఇంకొకరు తెలుగులో బదులివ్వడం గోల్డ్ ఫీల్డ్స్‌లోని ఊరిగాం కార్మికుల లైన్లలో ఎవరికీ వింత కాదు. హవర్డ్ కన్నడం, ఇంగ్లిషు కలిపి మాట్లాడతాడు. వేషగాళ్ళు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నారు. హక్కులున్నవాళ్ళ అనుమతి తెచ్చుకోవాలి. ఆపైన కావలసింది మిల్లర్ వచనంలో ఏది దరువు కావాలో, ఏది వచనంగానే మిగలాలో తెలిసిన కవి. ఆ పని రెస్టారెంటు సన్నివేశంతో మొదలుపెట్టడం మంచిది. అక్కడ తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే, కొడుకు చెప్పలేకపోయే జవాబూ ఒక్కటే, వంతపాటకు అంతకంటే అనువైన చోటు నాటకంలో ఇంకొకటి లేదు.